పదుల చోట నిలబడ్డ బైంటా

ఎల్స్‌పా టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా దీవిలో అందరికీ తెలుసు. ఒక్క ఏడాదికని పక్క దీవి నుంచి వచ్చిన మనిషి, ఇరవై ఆరేళ్లుగా మా ఒంటిగది బడిలోనే పాతుకుపోయింది. లెక్కలు నేర్పడానికని పట్నం నుంచి రంగురంగుల ప్లాస్టిక్ దిమ్మలు పంపిస్తే, పెట్టె విప్పకుండానే బీరువా మీదకెక్కించింది. పిల్లలకు దేవుడు పదేసి వేళ్లిచ్చాడు, అవి చాలవా అని ఆవిడ వాదన.

ఆవిడ ముగ్గురు పిల్లల్ని వరసగా నిలబెట్టేది. కుడి చివరన ఒకట్లు, నడుమ పదులు, ఎడమ చివరన వందలు. ఒకట్లవాడు ఒక్కో వేలూ లేపుతూ పోయి, పదీ లేచాక పిడికిళ్లు మూసి పక్కవాళ్ల భుజం తట్టాలి. పదుల పిల్ల అప్పుడు ఒక వేలు లేపుతుంది. ఆమె వేళ్లు పదీ లేస్తే ఆమె కూడా మూసేసి వందల వాళ్లను తట్టాలి. అంతే. ఇలా బడి మెట్లూ, పడవలూ, ఆరేసిన చేపలూ అన్నీ లెక్కపెట్టించేది.

ఏడేళ్ల బైంటా ఒక్కత్తే ఆవిడకు కొరుకుడు పడలేదు. వరసలో నిలబెడితే బాగానే ఉండేది. కాగితం మీద పెట్టమంటే మాత్రం రెండువందల నాలుగుకి 24 రాసేది. అడిగితే బిగుసుకుపోయి నేల చూపులు చూసేది. తండ్రి చేపల ఓడ మీద, తల్లి పొరుగూరి చేపల ఫ్యాక్టరీలో. మంచీ చెడ్డా చూసేది తాత హానుస్. బడి కమిటీలో పెద్ద కూడా ఆయనే. పిల్లను పట్నంలో వెనకబడ్డ పిల్లల తరగతిలో చేర్చే కాగితం మీద ఆయన అప్పటికే సంతకం పెట్టేశాడు. ఇక టీచరు సంతకమే తరువాయి. సోమవారానికి పంపాలి.

"ఇంట్లోంచి పంపేస్తే పిల్ల ఏమైపోతుందో ఆలోచించారా?" అంది ఎల్స్‌పా.

"ఇక్కడుంటే మాత్రం ఏమౌతుంది టీచరమ్మా? పదేళ్లొచ్చినా ఇరవై నాలుగే రాస్తుంది. నాకు మాత్రం ప్రేమ లేదా?" అన్నాడు హానుస్.

ఆ శనివారం కొండ మీంచి గొర్రెల్ని దించారు. ఊరంతా దొడ్డి దగ్గరే ఉంది. ఎల్స్‌పా పిల్లల్ని కూడా తీసుకొచ్చింది. గేటు పక్కన ఒకట్ల చోట లైవుర్, పదుల చోట బైంటా, వందల చోట కాత్రిన్. గేటు రెండో పక్క హానుస్. ఊరి గొర్రెలు లెక్కపెట్టేది ముప్పై ఏళ్లుగా ఆయనే. ఎడమ జేబు నిండా గులకరాళ్లు పోసుకుని, పది గొర్రెలు దాటగానే ఒక రాయి కుడి జేబులోకి మారుస్తాడు. ఆకాశం తూర్పున నల్లబడుతోంది. తుపాను సాయంత్రానికి వస్తుందని రేడియోలో చెప్పారు.

గొర్రెలు ఒక్కొక్కటే గేటు దాటాయి. చివరిది కూడా లోపలికి దూకాక హానుస్ కుడి జేబులో రాళ్లు బయటికి తీసి లెక్కచూశాడు. "ఇరవై ఒక్క రాళ్లు, పైన నాలుగు. రెండువందల పధ్నాలుగు. అన్నీ వచ్చేశాయిరా! పదండి, కాఫీ తాగుదాం."

ఎల్స్‌పా పిల్లల వైపు చూసింది. లైవుర్ చేతిలో నాలుగు వేళ్లు, కాత్రిన్ చేతిలో రెండు. నడుమ బైంటా రెండు పిడికిళ్లూ మూసుకుని నిలబడి ఉంది. ఒక్క వేలూ లేవలేదు.

హానుస్ కూడా చూశాడు. ఆయన మొహం వాడిపోయింది. "చూశారా టీచరమ్మా? ఒక వేలు ఉండాలి అక్కడ. పిల్ల నిద్రపోతోంది" అన్నాడు మెల్లగా. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ మూసిన పిడికిలి సున్నా అయ్యుండొచ్చు. పిల్ల బిగుసుకుపోయిందనీ అయ్యుండొచ్చు. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఎల్స్‌పా దగ్గరికెళ్లి పిల్ల ముందర కూర్చుంది.

"బైంటా, నీ దగ్గర ఎన్నున్నాయమ్మా?"

"ఏం లేవు టీచర్."

"మర్చిపోయావా?"

"లేదు. కాత్రిన్‌ని రెండుసార్లు తట్టాను. తర్వాత మళ్లీ లైవుర్ నన్ను తట్టలేదు."

అంటే రెండువందల నాలుగు. పది గొర్రెలు ఇంకా కొండ మీదే, ఏ అంచు మీదో ఉన్నట్టు. తుపాను వస్తే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. కానీ మళ్లీ లెక్కపెట్టించి హానుస్ లెక్కే నిజమని తేలితే, ఊరందరి ముందూ ఈ పిల్ల పని అయిపోయినట్టే. ఆ తర్వాత కాగితం మీద సంతకం పెట్టనని అనడానికి తనకు నోరుండదు. ఊరుకుంటే పిల్ల పరువైనా కొంత దక్కుతుందని కూడా ఎల్స్‌పాకు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే మండుకొచ్చింది.

"మళ్లీ లెక్కపెట్టండి" అంది లేచి.

"గాలి లేస్తోంది టీచరమ్మా. నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"నా పిల్లల లెక్క కూడా తప్పలేదు. మళ్లీ లెక్కపెట్టండి!"

ఆ గొంతుకు కుక్కలు కూడా మొరగడం మానేశాయి. హానుస్ గొణుక్కుంటూ రాళ్లన్నీ ఎడమ జేబులో పోసుకున్నాడు. గొర్రెల్ని ఒక్కొక్కటిగా అవతలి దొడ్డిలోకి వదిలారు. ఎల్స్‌పా కళ్లు బైంటా వేళ్లను వదల్లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది... పది. మూసింది. కాత్రిన్ భుజం తట్టింది. మళ్లీ మొదలు. రెండోసారి తొమ్మిది వేళ్లు లేచాక గొర్రెలు గేటు దగ్గర తొక్కుకుని ఆగిపోయాయి. లైవుర్ చేతిలో తొమ్మిది. ఒక ముసలి గొర్రె దూకింది. లైవుర్ మూసి బైంటాను తట్టాడు. బైంటా పదో వేలు లేపి, వెంటనే మూసి కాత్రిన్‌ను తట్టింది. ఆ తర్వాత నాలుగు గొర్రెలు దాటాయి. ఇంకేం లేవు.

హానుస్ కుడి జేబులోంచి రాళ్లు తీశాడు. రెండుసార్లు లెక్కచూసుకున్నాడు. ఇరవై.

"పొద్దున పొట్టేళ్లు విడిగా లెక్కపెట్టాను" అన్నాడు హానుస్ చివరికి. "పదకొండు. పదికి మార్చిన ఆ ఒక్క రాయి జేబులోనే ఉండిపోయింది. ఖాళీ చేసుకోకుండా మొదలెట్టాను. ఒరేయ్, ఏం చూస్తున్నారు? తాళ్లు తీసుకుని ఎక్కండి, తూర్పు అంచు మీద ఉంటాయి!"

మగవాళ్లు పరిగెత్తారు. దొడ్డి పక్క పాక తలుపుకి, వాన తగలని లోపలివైపున, లెక్క రాసి పెట్టడం మా వాళ్ల అలవాటు. హానుస్ సుద్దముక్క తీసి, ఒక్క క్షణం ఆగి, మనవరాలి చేతిలో పెట్టాడు. "నువ్వు రాయవే."

ఎల్స్‌పా ఒక అడుగు ముందుకేసింది. పిల్లకు రాయడం రాదని ఆవిడకు తెలుసు. బైంటా 2 రాసింది. కొంచెం జరిగి 4 రాసింది.

"ఇరవై నాలుగా?" అన్నాడు లైవుర్.

కానీ ఎల్స్‌పా చూసింది, ఎప్పుడూ అతికించి రాసే పిల్ల ఈసారి నడుమ చోటు వదిలింది. "ఇక్కడెవరున్నారు బైంటా?" అంది.

"నేను" అంది బైంటా, ఆ ఖాళీలో తన మూసిన పిడికిలి ఆనించి.

ఎల్స్‌పా సుద్దముక్క తీసుకుని ఆ పిడికిలి చుట్టూ గీత గీసింది. పిల్ల చెయ్యి తీసేసరికి తలుపు మీద ఒక వంకరటింకర సున్నా మిగిలింది. బైంటా దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత సుద్ద లాక్కుని, కింద తనే మళ్లీ రాసింది: 204. ఎల్స్‌పా గబగబా అటు తిరిగి ముక్కు చీదుకుంది.

చీకటి పడబోతుండగా, వాన మొదలయ్యాక, పది గొర్రెల్నీ దించుకొచ్చారు. ఒకటి కుంటుతోంది. హానుస్ తడిసి ముద్దయిపోయి వచ్చి, కోటు లోపలి నుంచి మడత కాగితం తీసి టీచరు చేతిలో పెట్టాడు. "పొయ్యిలో వేసుకోండి" అన్నాడు.

తర్వాత కొత్త లెక్క, 214, తలుపు మీద ఇంకోచోట రాశాడు. పాతది తుడిచేద్దామని ఒక కుర్రాడు బట్ట తీశాడు.

"చెయ్యి తియ్యరా" అన్నాడు హానుస్. "అది మా మనవరాలి పిడికిలి."