స్తంభం మీదోడు దిగేదాకా

యంత్రం నడిపేవాళ్లు నాకు ఊరూరా తగిలారు గానీ, దాన్ని పద్ధతిగా ఆపడం తెలిసినవాళ్లు బహు తక్కువ. గద్వాలలో కంప్యూటర్లు బాగుచేసే మునవ్వర్ ఆ ఒక్క సంగతి నేర్చుకోవడానికి రెండువేల తొమ్మిదిలో నాలుగు నెలలు తల బాదుకున్నాడు.

ధరూరు దారిలో రేణుకమ్మ పల్లీల మిల్లు ఉంది. కాటా మీద బస్తా పడగానే కంప్యూటర్‌కు ఒక పిలుపు పోతుంది, ఇంటరప్ట్ అంటారు. కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో నిద్రపోతున్న థ్రెడ్ ఒకటి, పనివాడి లాంటిది, లేచి, బరువు చదివి, మెమరీలో రాసి మళ్లీ పడుకుంటుంది. కాటాతో ఈ పని చేయించే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు, దాన్ని రాసింది మునవ్వరే. పగలంతా బాగానే నడిచేది. సాయంత్రం డ్రైవర్‌ను ఆపబోతే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది, ఆనాటి తూకాలు గల్లంతు.

తప్పేందో అతనికి తెలుసు. థ్రెడ్ రాస్తుండగానే దాని కింది మెమరీని లాగేస్తున్నాడు. అందుకని లాగే ముందు రెండు సెకన్లు ఆగమని రాశాడు. (ఇట్లాంటి రెండు సెకన్ల మనుషులు నాకు రైలు గేట్ల దగ్గర, దవాఖానల్లో, ఆఖరికి పెళ్లి పందిళ్లలో కూడా తగిలారు. వాళ్లతో వాదన దండగ.) దుమ్ముపట్టిన కాటా ఓనాడు మూడు సెకన్లు తీసుకుంది. మళ్లీ అదే గతి.

"ఇంకొక్కసారి గిట్ల సచ్చిందంటే నీ డబ్బా ఎత్తుకపో మునవ్వర్. నాకు నా పాత కాటానే చాలు," అంది రేణుకమ్మ.

ఈ గోడంతా చాయ్ హోటల్లో వెళ్లబోసుకుంటే, ముప్పై ఏళ్లు లైన్‌మన్ చేసి రిటైరైన జంగయ్య విన్నాడు.

"కరెంట్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ల ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ చీటీ, తీసుకుంటం. లైన్ బంద్ చేస్తరు. రెండు నిమిషాలైంది, దిగుంటడులే అని మల్ల కరెంట్ ఇస్తరా తమ్మీ?"

"ఇయ్యరు జంగన్నా."

"మరి నువ్వెందుకు ఇస్తున్నవ్? ఎక్కినోడే దిగొచ్చి ఎల్‌సీ వాపస్ ఇయ్యాలె. గడియారాన్ని అడుగుడేంది?"

మునవ్వర్ చాయ్ సగంలో వదిలి లేచాడు. వరుస మార్చాడు. ముందు కాటా నోరు మూయించాలి, కొత్త ఇంటరప్ట్ రాకూడదు. పనిలో ఉన్న థ్రెడ్ ముగించానని తానే చెప్పేదాకా కాచుకోవాలి. ఆ తర్వాతే మెమరీని వదలాలి.

మరునాడు సాయంత్రం రేణుకమ్మ వెనకే నిలబడింది. డ్రైవర్‌ను ఆపమని మునవ్వర్ కీబోర్డు మీద కొట్టాడు. తెర కదల్లేదు. మూడు సెకన్లు, నాలుగు.

"సచ్చింది గదా," అని ఆమె ప్లగ్గు మీద చెయ్యేసింది.

"జర ఆగమ్మా. వాడింక దిగలే."

"ఎవడయ్యా?" అని ఆమె పైకప్పు కేసి చూసేలోగా తెర కదిలింది. తూకాలన్నీ ఉన్నాయి. ఆమె చెయ్యి మాత్రం ప్లగ్గు మీదనే ఉంది.

"రేపు గూడ దిగుతడా?"

"రోజూ దిగుతడు."

"అయితే ఉండనీ. జర జల్ది దిగమను."