కింది గది తలుపు దగ్గర

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేదాన్ని. ఇది జరిగాక కూడా ఉన్నాయని అనను. జరిగింది మాత్రం రాస్తాను.

మాది సిరిసిల్లలో మగ్గం పనివాళ్ల సంఘం కట్టుకున్న కాలనీ. అక్కడి చదువుల గదిలో నలభై ఏడేళ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. 2011లో మా చెల్లెలి కూతురు సునీత దగ్గరికి అమెరికాలో ఎడిసన్ వెళ్లినప్పుడు నా సంచిలో ఒక కాగితం ఉంది. ఆ గదిని కూల్చి షాపులు కట్టడానికి నా ఒప్పుదల కావాలి. అందరూ సంతకాలు పెట్టేశారు. నాదొక్కటే మిగిలింది.

సునీతకు పాత కట్టడాల పిచ్చి. జూన్‌లో ఒక శనివారం పొద్దున నన్ను న్యూయార్క్ తీసుకెళ్లింది. బ్రాంక్స్‌లో ఎనభై ఏళ్ల కిందట బట్టలు కుట్టే కార్మికులు కలిసి కట్టుకున్న ఇళ్లు చూపించింది. ఇటుక గోడలు, నడుమ తోట. ఏ వంటింటికైనా అదే కొలత కిటికీ. మా కాలనీలోనూ అంతే. గుమ్మం పైన రాతిలో సుత్తీ కొడవలీ చెక్కి ఉన్నాయి.

“చూశావా పెద్దమ్మా, మీవాళ్లు నీకంటే ముందే అమెరికా వచ్చేశారు.”

“మా గుమ్మం మీద రంగుతోటి ఏసిన్రు, వానకు పోయింది. వీళ్లు రాతిల చెక్కిన్రు. హుషారోళ్లు.”

తను ఫొటోలు తీస్తుంటే నేను మెట్లు దిగి నేలమాళిగ తలుపు దగ్గరికి వెళ్లాను. దాని మీద బోర్డు ఉంది. ఆలస్యంగా చదువు నేర్చినవాళ్లకు ఒక అలవాటు. కనపడిన ప్రతి బోర్డునూ వేలు పెట్టి పైకి చదువుతాం. ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడా కూడబలుక్కుంటాను.

మొదలుపెట్టాను. మధ్యలో ఒక అక్షరం మింగేశాను. లోపల టక్ టక్‌మని రెండు దెబ్బలు. చెక్క మీద ఇనుము తగిలినట్టు. మళ్లీ మొదలుపెట్టి, అక్కడే తప్పాను. మళ్లీ రెండు దెబ్బలు. మూడోసారి మెల్లగా చివరిదాకా సరిగ్గా చదివాను. చప్పుడు లేదు.

భయం వేయలేదు. ఎవరో చూడాలనిపించి తలుపు తోశాను. నాలుగు వాషింగ్ మెషీన్లు ఉన్నాయి. ఏదీ తిరగడం లేదు. మనిషి లేడు, ఇంకో తలుపూ లేదు.

పైకి వచ్చేసరికి సునీత బెంచీ మీది ఒక ముసలాయనతో మాట్లాడుతోంది. ఆయన ఆ ఇళ్లలోనే పుట్టాడట. కింద ముందు ఏముండేదో అడగమన్నాను. విన్న చప్పుడు సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

“నైట్ స్కూలంట పెద్దమ్మా. వాళ్లమ్మ అక్కడే ఇంగ్లీష్ చదవడం నేర్చుకుందంట. టీచర్ కూడా కుట్టుపని ఆవిడేనంట. తప్పు చదివితే తిట్టేది కాదంట. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకుంటారే, ఆ ఇనుప తొడుగు, దాంతో బల్ల మీద రెండుసార్లు కొట్టేదంట. కరెక్ట్‌గా చదివేదాకా.”

నేను ఆయన పక్కన కూర్చుండిపోయాను.

రైల్లో చెబితే సునీత ఇళ్లు వెచ్చబెట్టే పైపుల చప్పుడై ఉంటుందంది. సమ్మర్‌లో హీటింగ్ ఆపేస్తారని మళ్లీ తనే అంది. అయినా నేను ఎక్కడ తప్పానో పైపుకు ఎలా తెలుస్తుంది?

మర్నాడు సునీత వంటింటి బల్ల మీద ఆ కాగితం పరిచి, పెన్ను తీసి, ఆ రెండు దెబ్బల కోసం చాలాసేపు చెవి పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదు. అయినా సంతకం లేకుండానే తిప్పి పంపాను.