సేఫ్టీ సార్‌కు మేం పూసిన రంగు

సేఫ్టీ సార్ పోయారన్న సంగతి మాకు డ్రైవర్ భాయ్ చెప్పాడు. నిజామాబాద్ మనిషి, ఏళ్ల తరబడి మా కంపెనీ బస్సు నడుపుతున్నాడు. బిర్కత్ అల్ అవామిర్‌లో క్యాంప్ దగ్గర మమ్మల్ని ఎక్కించుకున్నాడంటే సైటు గేటు వచ్చేదాకా ఎవరి మాటా వినడు. ఆ శనివారం పొద్దున మాత్రం బస్సు స్టార్ట్ చేయకుండా సీట్లోంచి లేచి మా వైపు తిరిగి నిలబడ్డాడు.

"మన సేఫ్టీ సార్ లేడు భాయ్. నిన్న జుమ్మా అయినంక గుండె ఆగిపోయిందంట. రూంల ఒక్కడే ఉండె," అన్నాడు.

వెనక సీట్లో ఎవరో హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నాకు మాత్రం మొదట వచ్చిన ఆలోచన వేరు. నిన్న శుక్రవారం కదా, సార్‌కు వాళ్లక్క ఫోన్ చేసి ఉంటుందా అని. మనిషి పోయాడంటే ముందు ఏడుపు రావాలి. నాకు ఆ ప్రశ్న వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది జగిత్యాల వైపు పల్లె. ఇక్కడ గల్ఫ్‌లో పరంజా కట్టే పని. ఎత్తు గోడల పక్కన ఇనుప పైపులు బిగించి, మిగతావాళ్లు నిలబడి పని చేసుకోవడానికి బల్లలు వేస్తాం. మేం కట్టినదాన్ని ఎక్కి చూసి, రెండు చేతులా పట్టి ఊపి, ఎక్కొచ్చని పచ్చ ట్యాగు తగిలించేది సేఫ్టీ సార్. ఆయన ఊపుతుంటే పెళ్లివారికి పిల్లను చూపిస్తున్నంత భయంగా ఉండేది మాకు. ఊగితే కోప్పడేవారు కాదు. కింద కూర్చుని, "మాఫీ ముష్కిల్, పర్లేదు, మళ్లీ కట్టండి, నేనిక్కడే ఉంటా," అనేవారు. అదే ఎక్కువ నొప్పి.

రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు మీటింగు పెట్టేవారు. ఆ మీటింగులో ఆయన చెప్పే మాట ఒక్కటే నాకిప్పటికీ చెవిలో ఉంది: "పని మొదలుపెట్టడానికి పర్మిషన్ కావాలి. ఆపడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు." మా ఫోర్‌మన్లకు ఆ మాట నచ్చేది కాదు. ఒకసారి నేను గాలి ఎక్కువగా ఉందని పని ఆపితే, ఫోర్‌మన్ నా మీద విరుచుకుపడ్డాడు. సార్ మా మధ్యకు వచ్చి, "ఇతను ఆపాడు. నేను మళ్లీ మొదలుపెట్టమనను," అని చెప్పి వెళ్లిపోయారు. పుట్టి బుద్ధెరిగాక నా మాట మీద ఒక పని ఆగడం అదే మొదలు.

పాస్‌పోర్టు చూసి మేమంతా ఆయన్ను అమెరికా సార్ అనేవాళ్లం. ఆయన తల అడ్డంగా ఊపి, "ద్వీపం, ద్వీపం," అనేవారు. ఆయనది ప్యూర్టో రికో. సముద్రం మధ్యలో ఉంటుంది, అమెరికాది, కానీ అమెరికాలో రాష్ట్రం కాదు. మాకది ఎంతకీ ఎక్కలేదు. చివరికి ఒకరోజు టీ టైంలో మా క్యాంపునే చూపించి చెప్పారు.

"నువ్వు కంపెనీ రూంలో ఉంటావు. మెస్‌లో తింటావు. రూల్సు పెట్టేటప్పుడు నిన్నెవరూ అడగరు. మా ద్వీపం అంతే. పాస్‌పోర్టు ఇచ్చారు, యుద్ధానికి పిలుస్తారు, ద్వీపంలో ఉన్నన్నాళ్లు ప్రెసిడెంటుకు మాత్రం ఓటు లేదు. ఇప్పుడు మావాళ్లు మూడు మాటలంటారు. కొందరు, మమ్మల్నీ రాష్ట్రంగా కలుపుకుని సమానంగా చూడండి అంటారు. కొందరు, మీ రూమూ వద్దు మీ మెస్సూ వద్దు, మా ఇల్లు మాకివ్వండి అంటారు. ఇంకొందరు, ఉన్నది చెడగొట్టకండి, ఇలాగే ఉందాం అంటారు."

"మరి ఓటు పెట్టొచ్చు కద సార్?" అన్నాను.

"పెడతారు. చాలాసార్లు పెట్టారు. తేల్చాల్సిన వాళ్లు దూరంగా ఉన్నారు. తేల్చరు."

నేను రెచ్చిపోయాను. "సార్, మాది గూడ గట్లనే ఉండె. మేం కొట్లాడినం. రోడ్ల మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసినం. రాష్ట్రం తెచ్చుకున్నం," అన్నాను. మా ఊరి ముందు హైవే మీద పప్పు వండి, ఆగిపోయిన లారీ డ్రైవర్లకే వడ్డించిన కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక, "వచ్చాక ఏమైంది?" అన్నారు.

"రాష్ట్రం అచ్చింది సార్. నేనైతే ఈడనే ఉన్న," అన్నాను.

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

అబూ హమూర్‌లో ఆయన గది. ఒకసారి పిలిస్తే వెళ్లాను. ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ నాకిచ్చి ఆయన మంచం మీద కూర్చున్నారు. అరటికాయ ముక్కలు నూనెలో వేయించి, గ్లాసు అడుగుతో అణిచి, మళ్లీ వేయించి ఉప్పు చల్లి పెట్టారు. ఆ శుక్రవారం ఆయన ఫోను పాడైంది. ప్రతివారం సాయంత్రం ఆ వేళకు వాళ్లక్కతో మాట్లాడతారట. అక్కడ పొద్దు ఎక్కే వేళట. నా ఫోను ఇచ్చాను. గంటసేపు వాళ్ల భాషలో మాట్లాడారు. సైట్‌లో ఎప్పుడూ వినని గొంతు అది, కాస్త గారాబంగా ఉంది. అలా వాళ్లక్క నంబరు నా ఫోనులో మిగిలిపోయింది. మిగలకుండా ఉంటే బాగుండేది.

కొన్నాళ్లకు ఆ ద్వీపంలో మళ్లీ ఓటు జరిగింది. రాష్ట్రం కావాలన్న వాళ్లకే ఎక్కువ ఓట్లు వచ్చాయని డ్రైవర్ భాయ్ ఫోనులో చూసి కేక పెట్టాడు. "అరె, సార్‌కు స్టేట్ మిల్ గయా! మిఠాయి లేకుంటె ఎట్లా?" అన్నాడు. తేల్చాల్సిన వాళ్లు తేల్చరని సార్ అన్న మాట నాకు గుర్తే రాలేదు, ఇక మమ్మల్ని పట్టేవాళ్లు లేరు. లడ్డూలు తెప్పించాం. హోలీకి అమ్ముడుపోక మనవాళ్ల దుకాణంలో మిగిలిపోయిన గులాల్ ప్యాకెట్లు పట్టుకొచ్చాం. డ్యూటీ దిగి, ఒంటి మీది దుమ్ము కూడా దులుపుకోకుండా, ఇండస్ట్రియల్ ఏరియాలో బస్సులు ఆగే చోట ఆయన్ను చుట్టుముట్టాం. "సార్, మీకు రాష్ట్రం అచ్చింది!" అంటూ బుగ్గలకు, నుదుటికి, నెత్తికి రంగు పూశాం. "జై తెలంగాణ! జై ప్యూర్టో రికో!" అని అరిచాం. ఆయన చేతులు రెండూ పక్కలకు వేలాడేసి నిలబడ్డారు. ఒక లడ్డూ మొత్తం తిన్నారు. అందరికీ షుక్రన్ చెప్పారు.

రాష్ట్రం వద్దనే మనిషి ఉంటాడని మా ఊహకే అందలేదు. మా రాష్ట్రాన్ని వద్దన్నవాళ్లు లేకపోలేదు, కానీ మా లెక్కలో వాళ్లు అవతలి వైపు వాళ్లు. మా ఊళ్లో వద్దన్నవాణ్ని ఒక్కణ్ని కూడా నేను చూడలేదు. చూడలేదు కాబట్టి లేరనుకున్నాను. నా తెలివి అంతవరకే. అక్కడితో ఆగానా? ఫొటో తీసి వాళ్లక్కకు పంపాను. మేడం, మీకు రాష్ట్రం వచ్చినందుకు మీ తమ్ముడితో కలిసి పండగ చేసుకుంటున్నాం అని వచ్చీరాని ఇంగ్లీషులో రాసి, పువ్వుల బొమ్మలు కూడా పెట్టాను. ఆమె చూసినట్టు రెండు నీలి గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

ఆ తర్వాత శుక్రవారాలు మారిపోయాయి. సార్ సాయంత్రం పూట మా క్యాంపుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఫోను ముందు పెట్టుకునేవారు, మోగేది కాదు. ఆయన చేసినా అటు ఎత్తేవారు కాదు. నాకు మూడో వారానికే అనుమానం వచ్చింది. నోరు విప్పడానికి మాత్రం నెలలు పట్టింది. పిరికితనం, వేరే పేరు లేదు దానికి.

చివరికి చెప్పాను. ఫొటో చూపించాను, మెసేజ్ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని అంతా చదివారు. మా నాన్న బడిపంతులు, బతికినన్నాళ్లు స్వతంత్రం వైపే ఓటేశాడు, గెలవదని తెలిసి కూడా వేశాడు, మా అక్కా అంతే అని చెప్పారు. తన సంగతి చెప్పలేదు. అంత తప్పు చేసినవాడిని ఏ మొహంతో అడుగుతాను?

"మీరు అప్పుడే వద్దనొచ్చు కద సార్. రంగు తుడుచుకోవచ్చు కద," అన్నాను.

"మీరు డ్యూటీ దిగి స్నానం కూడా చేయకుండా నాకోసం వచ్చారు," అన్నారు.

కాసేపటికి తన సంచిలోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టారు. ప్రమాదం జరగబోయి తప్పిపోతే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, దాన్ని రాసివ్వాలి మా సైట్‌లో. నియర్ మిస్ అంటారు. ఏ భాషలో రాసినా తీసుకునేవారు ఆయన, పక్కన కూర్చోబెట్టి చదివించుకునేవారు. నేను తెలుగులో రాశాను. ఏం జరిగింది: అడగకుండా రంగు పూశాం. ఎందుకు జరిగింది: మాకు సంతోషమైతే అందరికీ సంతోషమే అనుకున్నాం. చదివి వినిపించాను. ఆయన పెన్ను తీసుకుని పైన ఉన్న నియర్ మిస్ అన్న మాట కొట్టేసి, యాక్సిడెంట్ అని రాశారు.

"తప్పిపోలేదు. తగిలింది," అన్నారు. ఆ తర్వాత ఆయనే లేచి ఇద్దరికీ కాఫీ కలిపారు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ని.

ఆయన పోయిన మూడో రోజు మధ్యాహ్నం నా ఫోను మోగింది. ఆమె. పట్టుకున్న పైపు కింద పెట్టి ఎత్తాను. ఆమె నెమ్మదిగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో మాట్లాడింది.

"ఆ ఫొటో పంపింది నువ్వేనా?"

"నేనే మేడం." మొత్తం చెప్పాను. లడ్డూలు, గులాల్, ఆయన చేతులు వేలాడేసి నిలబడటం, ఫారంలో కొట్టేసిన మాట, ఏదీ దాచలేదు.

"మరి నా తమ్ముడు రాష్ట్రం కావాలనుకున్నాడా?"

"తెలువది మేడం. మేం అడగలేదు. మేమే అనుకున్నాం."

ఆమె అంది: "నేనూ అడగలేదు. పుట్టినప్పటి నుంచీ మావైపే అనుకున్నాను. మొన్న శుక్రవారం కూడా నేను ఫోన్ చేయలేదు."

ఏం చెప్పి ఓదార్చాలి? మా ఇంటామె అయితే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. ఆమెతో మేడం, మేడం అనడం తప్ప నాకేం చేతకాలేదు. చివర్లో ఆమె ఒకటి అడిగింది. సార్‌ను పంపే పెట్టె మీద ఏ దేశం అని రాస్తారు అని.

"పాస్‌పోర్టుల ఉన్నదే రాస్తరు మేడం."

"రాయనీ. దాని కింద మా ద్వీపం పేరు రాయి. అంతే. ఇంకేమీ రాయకు."

కంపెనీ కాగితాల పని చూసే మందూబ్‌తో కలిసి నేనూ డ్రైవర్ భాయ్ ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డుకు వెళ్లాం. లోపలి పెట్టెను బయట ఇంకో చెక్కపెట్టెలో దింపి మేకులు కొట్టారు. పక్కన అంటించిన కాగితంలో సార్ పేరు, పాస్‌పోర్టు నంబరు, దేశం గడిలో అమెరికా. కాగితం మీద గీత పడితే మళ్లీ మొదటికొస్తుందని మందూబ్ చేతులు అడ్డం పెట్టాడు. నేను కాగితాన్ని ముట్టుకోలేదు. దాని కింద చెక్క మీద, సైటు మార్కరుతో, ద్వీపం పేరు రాశాను. చిత్రిక పట్టని చెక్క కావడంతో సిరా కొంచెం పాకింది. రాష్ట్రమనీ రాయలేదు, దేశమనీ రాయలేదు.

డ్రైవర్ భాయ్ ఫోను పైకెత్తాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపి, ముందు ఆమెకు ఫోన్ చేసి, ఫొటో తీసి పంపనా అని అడిగాను.

"వద్దు. వచ్చాక నేనే చూస్తాను," అంది.

ఫోను జేబులో పెట్టుకున్నాను. ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెను ఎత్తింది. రాసిన వైపు మాకే ఎదురుగా ఉంది. అది వెనక్కి జరిగి, తిరిగి, గుమ్మం దాటేదాకా ఆ పేరును చదువుతూ నిలబడ్డాం.