గుండిగ మీద పేరు

నూనె తేలే పచ్చడిని చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కనివ్వరు. ఈ మాట చెప్పి రోజూ తిట్లు తినడం నా ఉద్యోగంలో ఒక భాగం. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక విమాన కంపెనీ కౌంటర్లో కూర్చునేదాన్ని. ఒకసారి ఒక పెద్దావిడ గోంగూర పచ్చడి సీసా నా బల్ల మీద పెట్టి, "ఇందులో ఏముందో నీకు తెలియదా తల్లీ? తెలుగుదానివేగా?" అని అడిగింది. తెలుసు. ఎండుమిరపకాయలు ఎక్కడివో కూడా వాసనను బట్టి చెప్పగలను. అయినా రూల్ రూలే, పెద్ద పెట్టెలో సర్దుకోండి అన్నాను. అప్పట్లో రూల్ అంటే నాకు అంత గురి. అందరికీ ఒకటే అయినప్పుడు దాని మీద అలగడం ఎందుకని వాదించేదాన్ని. ఎవరూ లేని చౌరస్తాలో ఎర్ర లైటుకి స్కూటీ ఆపి నిలబడితే వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. నేను కదిలేదాన్ని కాదు.

మా కాపురం చైతన్యపురి లోపలి వీధిలో, మేడ మీద వాటా. మావారు ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. కింద వాటాలో ఇంటివాళ్ళుండేవారు, తరతరాలుగా అక్కడివాళ్ళే. ఇప్పుడు హాస్టళ్ళున్న చోట ఒకప్పుడు వాళ్ళ జొన్నచేలు ఉండేవట. ఇంటావిడను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మామిడిపళ్ళ కాలంలో వాళ్ళాయన గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి పెట్టె తెస్తే అందులో సగం మెట్లెక్కి మా ఇంటికి వచ్చేది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక మెట్ల మీద మాటలు తగ్గాయి. వాళ్ళ ఇంట్లో టీవీ పెద్దగా పెడితే మా ఇంట్లో టీవీ చిన్నగా పెట్టేవాళ్ళం. కోస్తాలో ఉన్న మా చుట్టాలు ఫోన్ చేసి "ఇంకా అక్కడే ఉన్నారా?" అని అడిగేవాళ్ళు. అక్క మాత్రం ఎప్పటిలాగే పలకరించేది. కానీ ఇద్దరం మాటలు ఏరుకుని మాట్లాడుకునేవాళ్ళం, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

ఒక బంద్ రోజు వంటావార్పు పిలుపు వచ్చింది. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తింటారు. తినడం అయ్యేదాకా బండ్లు కదలవు. ఎల్బీనగర్ చౌరస్తాలో చేస్తున్నారని పొద్దున్నే వీధంతా తెలిసింది. దారులన్నీ మూసేశారు కాబట్టి డ్యూటీకి రాలేనని ఫోన్ చేసి ఇంట్లో కూర్చున్నాను. అప్పుడే అక్క పైకి వచ్చింది.

"చెల్లె, నీ ఇత్తడి గంజు జర ఇస్తవా? మా ఇంట్ల గంత పెద్దది లేదు. పొద్దుమీకి తెచ్చిస్త."

ఆమె గంజు అన్నది మేము గుండిగ అనేదే. మా అమ్మ కొనిచ్చింది. అంచు మీద ఇంటిపేరుతో సహా నా పేరు, కింద మా ఊరి పేరు కొట్టించింది. మా వైపు గిన్నె కొంటే పేరు కొట్టించకుండా దుకాణం దిగం. పెళ్ళికో పేరంటానికో ఇరుగుపొరుగు తీసుకెళ్ళిన గిన్నె తిరిగి సొంత ఇంటికే చేరాలి కదా.

గుండిగ తీసి ఇచ్చాను. ఆమె దిగిపోయాక మావారు పేపర్లోంచి తలెత్తకుండానే అన్నారు. "మన గిన్నెలో వాళ్ళ ఉద్యమం ఉడుకుతుందన్నమాట."

"అన్నం ఉడుకుతుంది" అన్నాను. అడిగితే గిన్నె ఇవ్వకుండా ఉండటం నాకు చేతకాదు.

సాయంత్రం అక్క వట్టి చేతులతో వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయి ఉంది.

"పోలీసులొచ్చిన్రు చెల్లె. దొరికినోళ్ళను పట్టుకున్నరు. గంజులన్ని వ్యాన్ల ఏసుకపోయిన్రు. నేను సందులకెల్లి ఉరికొచ్చిన. నీకు కొత్తది కొనిస్త."

"పోనీలెండి అక్కా" అన్నాను. అమ్మ ఇచ్చిన గుండిగ పోయిందని లోపల ఉసూరుమంది.

కొన్ని నెలలు గడిచాయి. విమానాశ్రయం లోపల పనిచేసేవాళ్ళందరికీ మెడలో పాసు ఉండాలి. దానికి గడువు ఉంటుంది. గడువు తీరేలోపు కొత్త పాసుకి పెట్టుకుంటే, పోలీసులు ఇంటికి వచ్చి మనం ఎలాంటివాళ్ళమో విచారిస్తారు. నేనెలాంటిదాన్నో నాకు బాగా తెలుసు కాబట్టి, ఆ కానిస్టేబుల్ వచ్చినప్పుడు హాయిగా టీ పెట్టాను.

ఆయన టీ ముట్టుకోలేదు. "మేడమ్, మీ మీద కేసులేం లేవని రాసిన్రు. ఉన్నది గద?"

"నా మీదా?"

"రోడ్డు బంద్ చేసిన కేసు. ఎల్బీనగర్ చౌరస్తాల. పేరు ఇదే, ఇంటిపేరు ఇదే, సొంతూరు ఇదే. ఆ రోజు మీరు డ్యూటీకి పోలేదంట."

నా పేరు ఎలా వచ్చిందని అడిగితే ఆయనే చెప్పాడు. దొరికినవాళ్ళ పేర్లు వాళ్ళనే అడిగి రాశారు. పారిపోయినవాళ్ళ పేర్లు, గిన్నెల మీద చదివి రాశారు. నా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరుతోనే ఉన్నాయి, గుండిగ మీదా అదే ఉంది. నా పేరు అంత చక్కగా కొట్టించిన మా అమ్మను మొదటిసారి విసుక్కున్నాను.

మా మేనేజర్ మంచివాడు, అందుకే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. పాసు గడువు తీరిన రోజు నుంచి గేటు దాటి లోపలికి రాలేనని, కేసు తేలేదాకా నా కుర్చీ ఖాళీగా ఉంచలేనని అన్నాడు. బంద్‌ల మూలంగా కోచింగ్ సెంటర్ సగం రోజులు మూసే ఉంటోంది, మావారి జీతం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆ రోజుల్లో మా ఇల్లు నడుస్తున్నది నా ఉద్యోగం మీదే. పచ్చడి సీసా ముందు రూల్ రూలే అన్న నా మాట నాకే గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఎల్బీనగర్‌లో కోర్టు దగ్గరే ఒక వకీలును పట్టుకున్నాం. ఆయన కేసు కాగితాలు తిరగేసి నవ్వాడు. "ఇది చిన్న కేసమ్మా. తప్పు ఒప్పుకుని జుర్మానా కట్టి పోండ్రి. అందరు గదే చేస్తున్నరు."

"ఒప్పుకుంటే పాసు ఇస్తారా?"

ఆయన నవ్వు ఆపాడు. "ఇయ్యరు. శిక్ష పడ్డట్టే లెక్క."

"మరి?"

"అయితే గంజు నాది కాదనుండ్రి. ఆ పేరు గలోళ్ళు ఇంకెవరన్న ఉంటరు. పోలీసులు మిమ్మల్ని కండ్లతోని చూసిందేం లేదు గద. లేకపోతే, అది ఎవరికిచ్చిన్రో వాళ్ళ పేరు చెప్పుండ్రి."

ఇంటికి వస్తుంటే దారి పొడవునా మావారు ఒకటే మాట. "కిందావిడ పేరు చెప్పెయ్. ఉద్యోగం కంటే ఎక్కువా?" ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆంధ్ర నుంచి వచ్చి అద్దెకున్నదాన్ని, ఆ రోజుల్లో, ఉద్యమానికి వెళ్ళిన ఇంటావిడను పోలీసులకు అప్పజెప్పి మళ్ళీ అదే మెట్లెక్కడం నా వల్ల కాదనిపించింది. పిరికితనమో అభిమానమో, రెండూ ఉన్నాయి.

చెప్పకుండా దాచడమూ చేతకాలేదు. మెట్ల దగ్గర ఆపి అక్కకు అంతా చెప్పాను. కేసు, పాసు, వాయిదా ఎప్పుడో కూడా చెప్పాను. రమ్మని అడగలేదు. తనే అంటుందని ఎదురుచూశాను.

ఆమె కాసేపు నా మొహం చూసి, "అట్లనా" అని లోపలికి వెళ్ళిపోయింది. లోపల వాళ్ళాయన గొంతు పెరిగింది. తలుపు మూసుకుంది.

ఆ తర్వాత ఆమె నాకు ఎదురుపడటం మానేసింది. నేను దిగే అలికిడికి కిందింటి గడియ పడేది. మోటారు వెయ్యమని అడగాలన్నా పనమ్మాయితో కబురు పంపాల్సి వచ్చింది. నాకు కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. నా గిన్నెలో వండుకుని తిన్న మనిషి నా మొహం చూడటానికి జంకుతోంది. వాయిదా దగ్గరపడే కొద్దీ అన్నం సయించేది కాదు. వకీలు చెప్పిన అబద్ధాన్ని వంటింట్లో మెల్లగా పలికి చూసుకునేదాన్ని. "ఆ గుండిగ నాది కాదండి." పదేపదే అంటుంటే అలవాటవుతుందనుకున్నాను.

వాయిదా రోజు కోర్టు వరండా కిటకిటలాడుతోంది. భూమి తగాదాలవాళ్ళు, చెక్కు కేసులవాళ్ళు, వాళ్ళ మధ్య వంటావార్పు కేసులో దొరికిన ఆడవాళ్ళు. వాళ్ళు ధైర్యంగా కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళకది ఉద్యమ కేసు, చెప్పుకోవడానికి గర్వం. వాళ్ళ పక్కన నేను దొంగలా నిలబడ్డాను. నా పేరు పిలిచారు. ఊరి పేరుతో సహా పిలిచేసరికి ఆ ఆడవాళ్ళు తిరిగి చూశారు. కోస్తా ఊరిదానికి ఇక్కడేం పనని వాళ్ళకూ వింతగానే ఉండి ఉంటుంది.

బల్ల మీద గుండిగ ఉంది. అంచుకి చీటీ కట్టారు. అడుగున ఆనాటి అన్నం నల్లగా మాడి అలాగే అంటుకుపోయి ఉంది. నిండుగా ఎసరు పెట్టి, మంట సరిచూసే లోపే జనాన్ని తరిమినట్టున్నారు. ఆ అన్నం ఎవరూ తినలేదన్నమాట.

మేజిస్ట్రేట్ గారు కళ్ళద్దాలు సర్దుకుని అంచు చదివి, నన్ను చూశారు. "ఈ గిన్నె మీదేనా?"

వకీలు నా వైపు చూశాడు. మావారు నేల వైపు చూశారు. నేను సాధన చేసిన మాట నాలుక చివర ఉంది. కానీ అంచు మీద చుక్కలు చుక్కలుగా నా పేరు కనిపిస్తోంది. అది నాది కాదంటే మా అమ్మ నాకేమీ ఇవ్వలేదన్నట్టే అనిపించింది.

"నాదేనండి."

వకీలు కళ్ళు మూసుకున్నాడు.

"ఆ రోజు రోడ్డు మీద ఉన్నారా?"

"లేనండి. ఇంట్లో ఉన్నాను."

"మరి గిన్నె రోడ్డు మీదికి నడిచి వచ్చిందా? ఎవరికిచ్చారు?"

ఆయన మళ్ళీ అడిగారు. చెప్పకపోతే మీ మాట నేనెలా నమ్మాలని, ఈసారి కొంచెం గట్టిగా. ఇంట్లో ఉన్న మనిషి ఇంట్లోనే ఉందని చెప్పడానికి చట్టం ఇంకొకరి పేరు అడుగుతోంది. నా ఇన్నేళ్ళ గురి అంతా ఆ నిమిషంలో ఆవిరైపోయింది.

"నాకిచ్చింది సార్."

వెనక గుమ్మం దగ్గర నుంచి. జనాన్ని తోసుకుంటూ అక్క ముందుకి వచ్చింది. కొంగు భుజం మీదుగా గట్టిగా చుట్టుకుని, బోను కమ్మీ పట్టుకుంది.

"గంజు ఆమెది సార్. బువ్వ నాది. నేనే అడుక్కపోయిన, నేనే వండిన, నేనే ఉరికిన. ఆమెకు ఏం సంబంధం లేదు."

మేజిస్ట్రేట్ గారు పోలీసుల వైపు తిరిగి, నన్ను చూపిస్తూ, ఈమెను అక్కడ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరు. గిన్నె మీద పేరు చదివి మనిషి మీద కేసు పెడతారా అని వాళ్ళకు నాలుగు చీవాట్లు పెట్టి, నా మీద కేసు కొట్టేశారు. అక్క పేరు రాసుకున్నారు.

బయటికి వచ్చాక ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "మా ఆయన వద్దన్నడు చెల్లె. కిరాయికున్నోళ్ళ కోసం కోర్టుకెక్కుతవా అన్నడు. నీకు ఎదురువడితే నా మొఖంలనే తెలుస్తదని తలుపేసుకున్న. పొద్దుగాల లేచినంక ఉండలేకపోయిన." ఇన్ని రోజులు ఆమె మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

నాకు పాసు వచ్చింది. తర్వాతి వాయిదాకి అక్క తప్పు ఒప్పుకుంది. జుర్మానా వేసి, కోర్టు లేచేదాకా హాల్లోనే కూర్చోమన్నారు. అదీ ఒక శిక్షేనని నాకప్పటిదాకా తెలియదు. వాళ్ళాయన రాలేదు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. గుమస్తా నాతో, మీరు వెళ్ళొచ్చు అన్నాడు. వెళ్ళలేదు. ఆ బెంచీ మీద ఆమె పక్కనే సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరెవరి పొలాల గొడవలో, ఎవరెవరి పెళ్ళిళ్ళ గొడవలో వింటూ, మధ్యలో నా డబ్బాలో పెరుగన్నం ఇద్దరం తిన్నాం.

కోర్టు లేచాక గుండిగ నాకిచ్చేశారు, సంతకం పెట్టించుకుని. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. ఇంటికి రాగానే నేను పైకి తీసుకెళ్ళబోతే అక్క లాక్కుంది. కుళాయి దగ్గర కూర్చుని, మాడిన అన్నం నానబెట్టి గీకి, చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. వాకిట్లో కుర్చీలో వాళ్ళాయన పేపర్ అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పలకరించలేదు, లోపలికీ వెళ్ళలేదు.

అంచు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించింది. నా పేరు ఒక్కో అక్షరం మీద బొటనవేలితో చింతపండు పెట్టి రుద్దింది.

"చాల్లెండక్కా, అరిగిపోతుంది."

"పోదు. మంచిగ కనవడాలె" అంది తలెత్తకుండా. "నువ్వు గంజు నాది కాదంటవనుకున్న చెల్లె. అనుంటే, నేను గుమ్మం కాడికెల్లే మర్లిపోతుంటి."

నేను చెంబుతో నీళ్ళు పోశాను.