ఆక్సిజన్ కూడా

భాగ్యశ్రీ ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో తీసుకున్న ప్రాజెక్టు పేరు చెబితే ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు. భూమి మీది ఆక్సిజన్ కొద్దికొద్దిగా అంతరిక్షంలోకి పోతుందన్నదే ఆ విషయం. ధ్రువాల దగ్గర అయస్కాంత బలరేఖలు ఆకాశంలోకి తెరుచుకుని ఉంటాయి. అక్కడ విద్యుదావేశం పొందిన ఆక్సిజన్ అయాన్లు సూర్యుడి నుంచి వచ్చే శక్తితో వేడెక్కి, ఆ రేఖల వెంట పైకి లేచి, భూమి చుట్టూ ఉన్న అయస్కాంత ఆవరణంలో కలుస్తాయి. కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. గైడు కరుణాకర్ గారు ఉపగ్రహం పంపిన గ్రాఫుల్లో ఆ అయాన్లను మొదటిసారి చూపించిన రోజు ఆమె భోజనం మరిచిపోయింది.

పీహెచ్‌డీకి ఫెలోషిప్ రాలేదు. తమ్ముడి చదువు, నాన్న ఆపరేషన్ ఒకేసారి వచ్చిపడ్డాయి. అశోక్‌నగర్ హాస్టల్లో చేరి సర్కారు ఉద్యోగానికి చదవడం మొదలుపెట్టింది. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. రూమ్మేటు రమ్యకు సైన్సంతా తనే చెప్పేది.

అలా కొన్నేళ్లు గడిచాయి; వయసు ప్రకారం ఈసారి పరీక్షే ఆఖరి అవకాశం. ప్రశ్నపత్రంలో తన ప్రాజెక్టు విషయం మీదే ఒక ప్రశ్న కనపడింది. భూమి నుంచి అంతరిక్షంలోకి పోయే వాయువులేవి? హైడ్రోజన్, హీలియం మాత్రమే అని ఒక జవాబు. వాటితో పాటు ఆక్సిజన్ కూడా అని ఇంకొకటి. ఏది ఒప్పుకుంటారో ఆమెకు తెలుసు. అయినా రెండోదే దిద్దింది.

జవాబుల కీలో మొదటిదే వచ్చింది. అభ్యంతరం పెట్టింది, తిరస్కరించారు. బడి పుస్తకంలో అలాగే ఉందన్నారు. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది. రమ్యకు వచ్చింది.

"తెలిసి కూడ అదెందుకు పెట్టినవ్?" అని రమ్య ఏడ్చింది.

"ఆక్సిజన్ పోతదని తెలుసు కద. పోదని ఎట్ల పెట్టాలె?" అంది భాగ్యశ్రీ. ఊరికి ఫోన్ చేసి ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. వారం పాటు చేయలేదు.

తర్వాత నారాయణగూడలో ఒక కోచింగ్ సెంటర్లో సైన్సు చెప్పడానికి కుదిరింది. ఒకసారి పాత ప్రశ్నపత్రం చేయిస్తుంటే ఆ ప్రశ్న వచ్చింది. హైడ్రోజన్, హీలియం అని చెప్పింది. ముందు బెంచీలోని అమ్మాయి, ఆక్సిజన్ అసలు పోదా మేడం అని అడిగింది.

"పోదు. తర్వాతది చూడు."

ఆ మాట అంత తేలిగ్గా నోటికొస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మొన్న కరుణాకర్ గారు ఫోన్ చేశారు. రిటైరయ్యాక కూడా ఆయన ఆ పని వదల్లేదు. ఉత్తర ధ్రువం మీది కొత్త డేటా వచ్చిందని, తుఫానులా లేచిన సౌరగాలికి ఆక్సిజన్ ఎంతగా పొంగిందో గ్రాఫులో స్పష్టంగా ఉందని ఆత్రంగా చెప్పారు. చెప్పి, ఆమె ఏదైనా అడుగుతుందని ఆగారు.

భాగ్యశ్రీకి అడగాలనిపించింది ఏమీ లేదు. రేపటికి టెస్టు పేపరు తయారు చేయాలి, ఉంటా సార్ అని పెట్టేసింది.