గొట్టంలో అడుగుల చప్పుడు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసి, సిరా పైటకొంగుకి తుడుచుకుని వచ్చేసేదాన్ని. యాభై రెండో ఏట మా చర్చి వరండాలో రిటైరైన టీచరమ్మ దగ్గర అ ఆలు దిద్దాను. అందుకే ఈ సంగతి రాయడం ఇంత ఆలస్యమైంది. నోటితో చెప్పొచ్చుగా అంటారేమో. చాలామందికి చెప్పాను. సగం వినగానే పడీ పడీ నవ్వేవారు, మిగతా సగం చెప్పనిచ్చేవారు కాదు. కాగితమైతే మధ్యలో నవ్వదు.

పంతొమ్మిదేళ్లప్పుడు కొల్లేటి లంక నుంచి తాడేపల్లిగూడెంలో మావయ్య దగ్గరికి పనికి వచ్చాను. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. ఎక్కడో విమానాల వర్క్‌షాపులో పనిచేసి వచ్చి, గూడెంలో పంపుసెట్ల ఇంజన్లు బాగుచేసుకునేవాడు. మండవల్లి వైపు చేపల చెరువులున్న ఒకాయన, వయసులో విమానాలు నడిపినాయన, మూతపడిన క్లబ్బు నుంచి రెండు సీట్ల పాత విమానం కొని, గూడెంలోనే రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే పక్కన రేకుల షెడ్డులో పెట్టించారు. ఆయన్ని అందరం పైలట్‌గారనేవాళ్లం. పోయేలోగా ఒక్కసారి కొల్లేటి మీద తిరగాలని ఆయన కోరిక. బాగుచేసే పని మావయ్యది, ఊడ్చి తుడిచి పానాలు అందించే పని నాది.

విమానానికీ స్టీరింగు ఉంటుంది. తిప్పడంతో సరిపోదు, ముందుకు తోయాలి, వెనక్కి లాగాలి. దాన్ని పట్టుకుని ఒక బోలు ఇనప గొట్టం డాష్‌బోర్డులోంచి లోపలికి పోతుంది. మావయ్య ఆ గొట్టాన్ని రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ పోతే పొడుగునా టంగు టంగుమంది గానీ, ఒకచోట మాత్రం ముసలాయన దగ్గినట్టు వినబడింది. అక్కడ చువ్వతో నొక్కితే బిస్కెట్టులో దిగినట్టు దిగిపోయింది. "చూశావంటే, పైన రంగు చెక్కు చెదరలేదు. తేమా ఉప్పుగాలీ కలిసి లోపల్నుంచి నమిలేశాయి. పైకెళ్లాక ఇది విరిగితే స్టీరింగు చేతికొచ్చేస్తది. ఇక పైలట్‌గారికి దేవుడే దిక్కు," అన్నాడు. కొత్త గొట్టం పరాయి దేశం నుంచి రావాలి. వచ్చేదాకా పాతదాన్నే బిగించి ఉంచాడు.

ఒక మధ్యాహ్నం మావయ్య భోజనానికెళ్లాడు. నేను ఒక్కదాన్నే విమానం అద్దం తుడుస్తున్నాను. లోపల స్టీరింగు కదిలింది. మెల్లగా, ఎవరో ఒళ్లోకి లాక్కున్నట్టు సీటు దాకా వచ్చింది. కాసేపు ఆగింది. మళ్లీ అంత మెల్లగానూ వెనక్కి పోయింది. సీట్లో ఎవరూ లేరు. గుడ్డ అక్కడే పారేసి, మావయ్య తిరిగొచ్చేదాకా షెడ్డు బయటే నిలబడ్డాను.

"మావయ్యా, అందులో ఎవరో ఉన్నారండీ!"

"క్లబ్బులో దీన్ని నడిపిన పాత పైలట్ అయ్యుంటాడే. మంచంలోనే పోయాడంట గానీ, ఆయన విమానం దిగగా చూసినోళ్లు లేరు," అని పకపకా నవ్వాడు. (ఆ రోజు నుంచి తనూ ఆ సీటుకి వీపు పెట్టి పనిచేయలేదు. నేను గమనించాను.)

నాలుగు నెలలకి కొత్త గొట్టం వచ్చింది. మావయ్య లోపలికి టార్చి వేసి చూసి, నూనె పట్టించి, పొద్దున బిగిద్దామని గోడకి ఆనించాడు. మా లంకలో కొత్త పడవ నీళ్లలో దించేముందు ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు దిష్టి పోవడానికి మూట కట్టి ముందు చెక్క కింద దోపుతారు. పడవకి చేసేది విమానానికి చేయకపోతే ఎలా? (ఈ ముక్క మా పాస్టరుగారికి చెప్పకండి.) మూట గొట్టంలో పట్టలేదు. అంచేత ఒక కొసలో గుడ్డ కుక్కి, విడిగానే పోసి, రెండో కొసలోనూ గుడ్డ కుక్కి, పుల్లతో లోతుకి తోశాను. ఇక ఆ పాతాయన దిగిపోతాడని హాయిగా పడుకున్నాను.

మావయ్య గొట్టం బిగించేశాక, మూడో రోజు పైలట్‌గారు వచ్చి సీట్లో కూర్చున్నారు. స్టీరింగు లాగారు. సర్ర్... ఇసకలో ఎవరో కాళ్లీడ్చుకుంటూ నడిచినట్టు చప్పుడు. ముందుకు తోశారు. ఆ నడిచేవాడు వెనక్కి తిరిగాడు.

"ఎలకలంటావా?" అన్నారాయన.

"ఎలకలు చెప్పులేసుకోవు కదండీ," అన్నాడు మావయ్య. అంటూనే రెండడుగులు వెనక్కి వేశాడు. అందరికంటే ఎక్కువ భయపడింది నేను. దిష్టి తీస్తే దెయ్యం దిగిపోవాలి గానీ గొట్టంలోకి దూరడమేమిటి?

"సరే, ఆయనా వస్తానంటే రమ్మందాం. రేపు పొద్దున ఎగురుతున్నాను," అని పైలట్‌గారు లేచారు.

సాయంత్రం పులుసులో వేయడానికి కల్లుప్పు జాడీ వంచాను. సర్ర్ మంది. గొట్టంలో నడుస్తున్నది నా ఉప్పే. పాత గొట్టాన్ని నమిలేసిందీ ఉప్పే. చెబితే మావయ్య పరువూ నా పనీ రెండూ పోతాయి. చెప్పకపోతే ఏదో ఒకనాడు ఆకాశంలో స్టీరింగు ఆయన చేతికొచ్చేస్తుంది. పులుసు పొయ్యి మీదే వదిలేసి చెప్పేశాను.

మావయ్య తిట్టలేదు. షెడ్డుకి నడిచి, పైలట్‌గారిని పిలిపించి, ఆయన ఎదురుగానే గొట్టం ఊడదీసి, గుడ్డలు పీకి, పళ్లెంలో వంచాడు. ఉప్పు, ఆవాలు, నాలుగు మిరపకాయలు పడ్డాయి. "అన్నీ వేశావు. కరివేపాకేం పాపం చేసిందే?" అన్నాడు.

పైలట్‌గారు మాత్రం నవ్వలేదు. "ఇది విమానం కోసం వేశావా అమ్మా, నాకోసమా?"

"మీకోసమేనండీ."

ఆయన గొట్టం మంచినీళ్లతో కడిగించి, ఆరబెట్టించి, తనే టార్చి వేసి ఆ కొస నుంచి ఈ కొసకి చూశారు. మావయ్య బిళ్లతో కొడితే పొడుగునా టంగుమంది. "రేపటి మాట మారదు," అన్నారు.

అన్నట్టే కొల్లేటి మీద రెండు చుట్లు తిరిగి క్షేమంగా దిగారు గనుక, అంతకు ముందు జరిగింది ధైర్యంగా రాస్తున్నాను. తెల్లారి గొట్టం మళ్లీ బిగించాక, ఎగిరే ముందు మావయ్య నన్ను తోక దగ్గర నిలబెట్టి, తోకకున్న రెక్కని చేత్తో పైకీ కిందికీ కదపమన్నాడు. కదిపాను. "వచ్చింది... పోయింది..." అని సీట్లోంచి పైలట్‌గారు అంటున్నారు. ఇక్కడ రెక్క కదిలితే అక్కడ స్టీరింగు కదులుతుందన్నమాట! అంటే ఆ మధ్యాహ్నం నన్ను బెదరగొట్టింది తోకరెక్కని ఊపిన కొల్లేటి గాలి. ఇంత తెలివితక్కువదాన్నా అని నాలో నేనే నవ్వుకుంటూ పంపు దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంటున్నాను. మావయ్య ముందువైపు ఇంజన్లో తల దూర్చి ఉన్నాడు. గాలి లేదు, గడ్డిపరక కదలడం లేదు. అప్పుడు సీట్లోంచి కేక వినబడింది.

"చాల్లేమ్మా, ఇక కదపకు!"

ఎగరబోయే మనిషి మనసు పాడుచేయడం ఎందుకని, "అలాగేనండీ!" అని పంపు దగ్గర్నుంచే కేకేసి, చేతులు మళ్లీ మొదట్నుంచి కడుక్కున్నాను.