పెట్టె విన్న ముసలి పుంజు

బర్మాలో, తాకేటా పేటలో బస్సు సీట్లకు కవర్లు కుట్టే దేవసహాయం నీటికోడిలా కూస్తే నీటికోళ్లు కూడా నమ్మేవి. రెండు అరచేతులూ దొప్పలా పట్టి, బొటనవేళ్ల సందున ఊది, చివర్లో గొంతు కాస్త బొంగురు చేసేవాడు. అంతే, తన్లిన్ ఊరవతలి చిత్తడిలో, ఏ రెల్లు పొదలోనో పెత్తనం చేస్తున్న పుంజు, నా ఇలాకాలో ఇంకెవడ్రా అన్నట్టు రొమ్ము విరుచుకుని వచ్చి ఉచ్చులో పడేది. ముప్పై ఏళ్లపాటు వేటకు ఎవరు బయల్దేరినా ముందు ఆయన గుమ్మం తొక్కవలసిందే. ఆయన కుట్టుమిషను ముందు నుంచి ఓ పట్టాన లేవకుండా, బాగా బతిమాలించుకుని మరీ వెళ్లేవాడు.

తర్వాత ఫోన్లొచ్చాయి. ఆయన భార్య మరియకు మైకేల్ అని ఒక తమ్ముడున్నాడు. వాడు గుప్పెడంత స్పీకరొకటి కొని, ఫోన్లో నీటికోడి కూత పెట్టి, ఒక్క పూటలో ఆరు పిట్టల్ని పట్టుకొచ్చాడు. పట్టినవాడు పట్టినట్టు ఊరుకున్నా బాగుండేది.

"నీకయితే దగ్గొస్తాది, ఆయాసమొస్తాది బావా. దీనికేటొస్తాది? చార్జింగెట్టడమే గదా," అన్నాడు, ఆదివారం ప్రార్థన అయ్యాక పదిమందీ వింటుండగా.

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి దేవసహాయం గుమ్మం తొక్కినవాడు లేడు. బావమరిది బుర్ర రామకీర్తన పాడించాలన్నంత కోపమొచ్చింది గానీ, తను చర్చి సంఘానికి పెద్ద అయిపోయాడు, ఏం చేస్తాడు? శనివారాలు ఒక్కడే బస్సెక్కి వెళ్లి, మనసు తీరా కూసి, దొరికితే ఒక పిట్టతో, లేకపోతే బురద కాళ్లతో తిరిగొచ్చేవాడు.

ఈలోగా ఆ చిత్తడిలో పిట్టల్ని పట్టకూడదని బోర్డు లేచింది. బోర్డుల్ని ఎవరు లక్ష్యపెడతారు? అందుకే ఈసారి వెదురు గుంజలకు ఆకుపచ్చ పెట్టెలు కూడా కట్టారు. టిఫిన్ డబ్బా అంత ఉంటాయి. పొద్దస్తమానం వింటూ కూర్చుంటాయి. అవి విన్నదాంట్లో ఏది పిట్టో, ఏది స్పీకరో అటవీ శాఖ ఆఫీసులో కంప్యూటరు విడదీసి చెప్పేస్తుంది. మైకేల్ స్పీకరుతో సహా దొరికిపోయింది అలాగే.

వాడికి పూచీ సంతకం పెట్టడానికి ఒక పెద్దమనిషి కావాలన్నారు. వాడు ఎవరి కాళ్ల మీద పడ్డాడో చెప్పనక్కర్లేదు.

"సంతకమెట్టు, ఒచ్చీ. నోరు మాత్రం ఇప్పకు. నువ్వూ ఆ దొంగల్లో ఒకడివే," అని మరియ మూడుసార్లు చెప్పి భర్తను పంపింది.

తన్లిన్ ఆఫీసులో కో నాయింగ్ అనే అధికారి మర్యాదగా కుర్చీ వేయించి, టీ తెప్పించి, కంప్యూటరును ఇటు తిప్పి, పేరు ముందు పెద్దరికపు 'ఊ' చేర్చి బర్మీస్‌లో చెప్పుకొచ్చాడు.

"చూడండి ఊ దేవసహాయం, ఈ ఎర్ర గీతలన్నీ స్పీకర్లు. ప్రతి కూతా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది. ఈ పచ్చ గీత మాత్రం నిజమైన పుంజు. శనివారం శనివారం ఒకేచోట కూస్తోంది."

అని ఆ కూత వినిపించాడు. దేవసహాయం ఇట్టే పోల్చుకున్నాడు. అది తన కూతే. నాలుగో కూత తర్వాత చిన్న దగ్గు కూడా ఉంది. సర్కారు వారి పెట్టె తనను పిట్ట అనుకుంది! సంతోషంతో కడుపు నిండిపోయింది. మైకేల్ వైపు చూశాడు. వాడూ గుర్తుపట్టాడు, అందుకే గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నాడు. చెబితే పరువు దక్కుతుంది, కానీ తనూ దొంగవుతాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను టీతో మింగేశాడు.

ఆయన ఊరుకునేవాడే, కో నాయింగే ఊరుకోలేదు.

"పాపం, బాగా ముసలి పుంజు. గొంతు జీరబోయింది. ఏదో జబ్బు కూడా ఉన్నట్టుంది. పై ఏడాదికి ఉండదు," అన్నాడు జాలిగా.

"జబ్బేటి?" అని తెలుగులో గర్జించి, దేవసహాయం బర్మీస్‌లోకి దిగాడు. "ఆ పుంజుకు ఏ జబ్బూ లేదు! ఆ రోజు చలిగాలి తగిలింది, అంతే!"

"మీకెలా తెలుసు?"

"బావా, ఊరుకో! అక్క సంపేత్తాది!" అంటూ మైకేల్ ఆయన లుంగీ పట్టి లాగాడు.

దేవసహాయం లేచి నిలబడి కూశాడు. పక్క గదిలో గుమస్తాలు కిటికీ తీసి బయటికి తొంగిచూశారు. కో నాయింగ్ ఆయన్ను కంప్యూటరు ముందు మళ్లీ కూయమన్నాడు. మూడుసార్లు కూస్తే మూడుసార్లూ పచ్చ గీతే వచ్చింది.

చట్టం చట్టమే కదా. ఇకమీదట ఏ పిట్టనూ కూసి పిలవనని దేవసహాయం రాసిస్తే, మొదటి తప్పు కింద వదిలేస్తామన్నారు. ఆయన కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. ముప్పై ఏళ్ల కూత అది. నిజంగానే ఏడుపొచ్చింది.

"స్వాధీనం చేసుకున్న యంత్రమేమిటో ఇక్కడ రాయాలి," అన్నాడు కో నాయింగ్ ఇబ్బందిగా. "మీ దగ్గర ఏమీ లేదు కదా, ఖాళీ వదిలేస్తాను."

"వదలొద్దు సార్. యంత్రమేదీ లేదు, మనిషి నోటితోనే కూశాడు అని రాయండి. ముద్ర కూడా వెయ్యండి."

కో నాయింగ్ అలాగే రాసి ముద్ర వేశాడు. దేవసహాయం మైకేల్ పూచీ కాగితం మీదా, తన కాగితం మీదా సంతకం పెట్టి, తన కాగితానికి నకలు అడిగి తీసుకున్నాడు.

బస్సు కోసం రోడ్డు పక్క బల్ల మీద కూర్చున్నాక దాన్ని మైకేల్ చేతికిచ్చాడు.

"గట్టిగా సదువు."

మైకేల్ తలొంచుకుని చదివాడు. వెనక రెల్లులో ఏదో పుంజు కూసింది. దేవసహాయం చేతులు వాటంతటవే నోటిదాకా లేచాయి. ఆయన వాటిని దించి, తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకోపాలి సదవరా," అన్నాడు.